పెద్ద చేప వైరు తెంపుకుపోయేది ఎక్కడ? కృష్ణ నీళ్ళకు గాలం, వైరు, రీలు, రాడ్ ఎంచుకునే లెక్క

నాగార్జున సాగర్ వెనుక జలాల్లో, సోమశిల రేవు చుట్టుపక్కల, జూరాల ఎగువన గాలానికి పెద్ద బొచ్చె తగలడం వింతేమీ కాదు. తగిలిన బొచ్చెను ఒడ్డుకు చేర్చడమే కష్టం. రీలు గిర్రున తిరుగుతుంది, రాడ్ వంగుతుంది, కాసేపటికి వైరు వదులైపోతుంది. చుట్టుకుని చూస్తే గాలం ఉండదు. "వైరు మంచిది కాదు" అని దుకాణం మీద కోపం తెచ్చుకుని, ఈసారి మరింత లావు వైరు కొంటారు. అదీ తెగుతుంది.

తెగిన వైరు కొసను పారేయకుండా ఒకసారి పట్టి చూస్తే అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. కొస ఉంగరాలుగా మెలితిరిగి ఉంటే ముడి జారింది. గరుగ్గా, పీచులా ఉంటే రాయికో మొద్దుకో రాసుకుంది. శుభ్రంగా కోసినట్టుంటే, పక్కన వైరు సాగి సన్నబడి ఉంటే, మోయలేనంత లాగుడు పడింది, అంటే డ్రాగ్ (రీలులో వైరును పట్టి ఉంచి, లాగుడు ఎక్కువైతే జారనిచ్చే బ్రేకు) బిగుతు ఎక్కువైంది. గాలం తిరిగొచ్చి దాని వంపు విచ్చుకుని ఉంటే గాలమే చాలలేదు. నాలుగు కారణాలకూ నాలుగు వేర్వేరు మందులున్నాయి. లావు వైరు కొనడం వీటిలో ఏ ఒక్కదానికీ పూర్తి మందు కాదు.

గాలం, ముడి, లీడర్ (గాలానికి ముందు కట్టే లావు వైరు ముక్క), వైరు, డ్రాగ్, రాడ్ అన్నీ ఒకే వరుసలో బిగిసి ఉంటాయి. లాగుడు పెరిగినప్పుడు ఈ వరుసలో ఏదో ఒకటి ముందుగా లొంగాలి. ఆ లొంగేది ఎప్పుడూ డ్రాగే కావాలి, మరేదీ కాకూడదు. సామాను ఎంపికంతా ఈ ఒక్క నియమం నుంచే నడుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు రాడ్ కొంటారు, తర్వాత దానికి నప్పే రీలు, మిగిలిన డబ్బుతో వైరు, చివర్లో ఏదో ఒక గాలాల పొట్లం. దీన్ని పూర్తిగా తిరగేయాలి. చేప నోటి దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి.

నోటిని బట్టి గాలం

బొచ్చె నోరు పెద్దది, పైకి తెరుచుకుంటుంది, మీసాలుండవు. అది నీటి పైపొరల్లో తేలే సూక్ష్మజీవుల్ని నీళ్ళతో సహా పీల్చుకుని తింటుంది. కాబట్టి దానికి గట్టి ముద్ద అక్కర్లేదు. నీళ్ళలో మబ్బులా విరిసే పిండి కావాలి. పిండి ముద్ద చుట్టూ నాలుగు నుంచి ఆరు చిన్న గాలాలు 6, 7 సెంటీమీటర్ల దారాలతో వేలాడదీసే పద్ధతి మన చెరువుల మీద పాతదే, బొచ్చెకు అదే సరైనది. విరిగిన పిండిని పీల్చేటప్పుడు గాలాల్లో ఒకటి లోపలికి పోతుంది. సైజు 4 లేదా 6 చాలు, కానీ తీగ లావుగా ఉండాలి. తిలాపియా కోసం చేసిన సన్నతీగ గాలాలు పది కిలోల చేపకు విచ్చుకుంటాయి.

రవ్వ నోరు కిందికి ఉంటుంది, పెదవులు అంచు కుట్టినట్టుంటాయి. అది నీటి మధ్యలోనూ, రాళ్ళ మీది పాకుడు దగ్గరా మెల్లగా కొరుక్కుతింటుంది. దానికి ఒక్క గాలం, చిన్న ముద్ద, సున్నితమైన బెండు. మోసు, బంగారుతీగ అడుగునే తిరుగుతాయి. బంగారుతీగ బురదను తవ్వి తింటుంది కాబట్టి సీసం అడుగున కూర్చుని, ముద్ద బురద మీద పడి ఉండాలి. వీటికి సైజు 2 నుంచి 4.

వాలుగ వేటాడి తినే చేప. చీకటి పడ్డాక, తెల్లవారే ముందు తిరుగుతుంది. నోట్లో సన్నని పళ్ళు బ్రష్‌లా ఉండి వైరును అరగదీస్తాయి. దానికి 4/0 నుంచి 6/0 గాలం (ఉత్త 4, 6 సైజుల కన్నా ఇవి చాలా పెద్దవి), 0.70 మిల్లీమీటర్ల లావు నైలాన్ లీడర్, చచ్చిన చిన్న చేప లేదా కోడి పేగులు. ఇక్కడ మొన లోపలికి తిరిగి ఉండే సర్కిల్ గాలం వాడితే మేలు. మామూలు గాలంతో చేసినట్టు దీంతో ఝాడించి లాగకూడదు. చేప ఎర తీసుకుని పక్కకు తిరిగి పోతుంటే వైరును నెమ్మదిగా బిగించాలి. గాలం గొంతులోంచి జారి వచ్చి దవడ మూలకు తగులుకుంటుంది. అలవాటు కొద్దీ ఝాడిస్తే నోట్లోంచి ఖాళీగా బయటికొస్తుంది. అట్లాంటిక్ తీరంలో జరిగే మార్లిన్ (ఈటె ముక్కు ఉండే పెద్ద సముద్రపు చేప) పోటీల్లో సహజమైన ఎర వాడితే సర్కిల్ గాలమే వాడాలని అమెరికా 2008 నుంచి నియమం పెట్టింది. కారణం ఇదే: కడుపులో గుచ్చుకోవడం అరుదు, వదిలేస్తే చేప బతికే అవకాశం ఎక్కువ.

కొర్రమీను సంగతి వేరు. అది గాలి పీల్చడానికి పైకి వచ్చే చేప, తామరాకులూ తుంగా ఉన్న కుంటల్లో కప్ప బొమ్మ ఎరలకు దూకుతుంది. దానికి పొట్టి రాడ్, కలుపులోంచి లాక్కురాగల బ్రెయిడ్ వైరు (సన్న పోగులు అల్లి చేసినది) కావాలి. ఇక్కడ చెబుతున్న పెద్ద చేపల లెక్క దానికి వర్తించదు. ఒక్క మాట మాత్రం తప్పక పాటించండి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన ముద్దగా కదులుతూ కనిపిస్తే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పట్టొద్దు. పెద్దవి పోతే ఆ పిల్లల గుంపు మొత్తం మిగతా చేపలకు మేతవుతుంది.

ఏ గాలమైనా మొనను బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా జరపండి. జారితే మొద్దు, ఆగి గీసుకుంటే పదును. రాళ్ళున్న చోట నాలుగైదు సార్లు విసిరాక మళ్ళీ చూసుకోవాలి.

డ్రాగ్ లెక్క

డబ్బా మీద 10 కిలోలని రాసిన 0.35 మిల్లీమీటర్ల నైలాన్ వైరు తీసుకుందాం. ముడి వేసిన చోట దాని బలం తగ్గుతుంది. బాగా వేసిన ముడి దగ్గర 8 కిలోలు, నిర్లక్ష్యంగా వేస్తే 5, 6. కాబట్టి మన చేతిలో ఉన్నది 10 కాదు, 8. డ్రాగ్‌ను డబ్బా మీది బరువులో నాలుగో వంతుకు, అంటే రెండున్నర కిలోలకు పెట్టాలి. మూడో వంతు దాటకూడదు.

"పది కిలోల చేప రెండున్నర కిలోల లాగుడుకు లొంగుతుందా?" అని అడుగుతారు. నీళ్ళలో చేపకు బరువు దాదాపు ఉండదు. మనం పోరాడేది దాని కండ బలంతో, బరువుతో కాదు. రెండున్నర కిలోల అడ్డు తగ్గకుండా ఉంటే, ఈదిన ప్రతి మీటరుకూ అది శక్తి ఖర్చు పెట్టుకుంటుంది. సముద్రంలో మార్లిన్ పట్టేవాళ్ళదీ ఇదే లెక్క. 80 పౌండ్ల వైరుకు, చేప తగిలేటప్పటి డ్రాగ్ 20 నుంచి 27 పౌండ్ల మధ్య ఉంచుతారు, అదీ త్రాసుతో కొలిచి. వందల కిలోల చేపకే నాలుగో వంతు చాలినప్పుడు సాగర్ బొచ్చెకు పూర్తిగా బిగించాల్సిన పనేముంది?

చేతితో లాగి "ఇంత చాలు" అనుకోవద్దు, చెయ్యి అబద్ధం చెబుతుంది. ఊరికెళ్ళే సామాన్లు తూచే చిన్న డిజిటల్ త్రాసు చాలు. వైరును రాడ్ రింగుల్లోంచి తీసి కొసను త్రాసు కొక్కేనికి కట్టండి. ఒకరు రాడ్‌ను 45 డిగ్రీల్లో పట్టుకోవాలి, ఇంకొకరు త్రాసును నిదానంగా లాగాలి. స్పూల్ (రీలులో వైరు చుట్టి ఉండే చక్రం) కదలడం మొదలైన క్షణంలో ఎంత చూపిస్తుందో, తిరుగుతున్నప్పుడు ఎంత చూపిస్తుందో రెండూ గమనించండి. మొదట 4 చూపించి, తిరగడం మొదలవగానే 2కు పడిపోతే డ్రాగ్ వాషర్లు ఎండిపోయాయనో, మురికి పట్టాయనో అర్థం. ఆ మొదటి 4 కిలోల కుదుపే ముడిని తెంపుతుంది. రీలు కొనేటప్పుడు చూడాల్సిందీ ఇదే. "గరిష్ఠ డ్రాగ్ 20 కిలోలు" అన్న ప్రకటనలు మన పనికి అక్కర్లేదు. రెండు, మూడు కిలోల దగ్గర వెన్నలా, ఆగకుండా జారుతుందా లేదా అన్నదే పరీక్ష.

అసలు చిక్కు ఇక్కడి నుంచే. స్పూల్ నిండా వైరు ఉన్నప్పుడు రెండున్నర కిలోలకు పెట్టిన డ్రాగ్, చేప వైరు లాక్కుపోతుంటే అక్కడే ఉండిపోదు. స్పూల్ మీది వైరు చుట్టు వ్యాసం 50 మిల్లీమీటర్ల నుంచి 40కి తగ్గితే, మీరు నాబ్ ముట్టుకోకపోయినా లాగుడు 3.1 కిలోలవుతుంది. వ్యాసం 25కు దిగితే 5 కిలోలు. దానికి తోడు నీళ్ళలో 100 మీటర్ల వైరు వంపు తిరిగి ఉంటుంది, ఆ వైరును నీళ్ళలో ఈడ్చే బరువు కూడా ముడి మీదే పడుతుంది. రాడ్ బాగా వంగితే రింగుల దగ్గర రాపిడి ఇంకొంత. ఇవన్నీ కలిస్తే ముడి మోయగలిగిన 8 కిలోల అంచుకు చేరిపోతాం. సరిగ్గా ఆ సమయంలోనే మనిషికి కంగారు పుట్టి డ్రాగ్ బిగిస్తాడు. పెద్ద చేపల్లో చాలా భాగం పోయేది ఆ అర తిప్పుతోనే.

చేయాల్సింది దానికి వ్యతిరేకం. వైరు సగం పోయిందంటే డ్రాగ్‌ను కొంచెం వదులు చేయాలి, చేప వెనక్కి వచ్చి స్పూల్ నిండాక మళ్ళీ మొదటి చోటికి తేవాలి. నాబ్ మీద తెల్ల పెయింట్‌తో ఒక చుక్క పెట్టుకుంటే చీకట్లో కూడా వెతుక్కోనక్కర్లేదు.

వైరు, ముడి

నైలాన్ సాగుతుంది, బ్రెయిడ్ దాదాపు సాగదు. దూరంలో అడుగున ఉన్న ఎరను చేప ముట్టినా బ్రెయిడ్‌తో చేతికి తెలుస్తుంది, అదే బలానికి సన్నగా ఉంటుంది, ఎక్కువ పొడవు పడుతుంది. కానీ రాయికి రాసుకుంటే సెకన్లలో పోతుంది. సాగర్, శ్రీశైలం వెనుక జలాల ఒడ్లు పలకల్లాంటి పదునైన రాళ్ళతో నిండి ఉంటాయి. పాలమూరు, నల్గొండ చెరువుల్లో గుండ్లు, కట్ట రాతికట్టడం, మునిగిన సర్కారు తుమ్మ మొద్దులు. అందుకే ఒడ్డు నుంచి పట్టే పెద్ద చేపకు నైలాన్‌కే ఓటు. బ్రెయిడ్ వాడాలనుకుంటే చివర కనీసం 5 మీటర్ల లావు నైలాన్ లీడర్ కట్టండి. బ్రెయిడ్ సాగదు కాబట్టి కుదుపు మొత్తం గాలం మీదా ముడి మీదా పడుతుంది, డ్రాగ్ ఇంకాస్త తక్కువ ఉండాలి.

నైలాన్‌కు ఎండే శత్రువు. ఏప్రిల్, మే ఎండలో కారు వెనక అద్దం దగ్గర పడేసిన స్పూల్ బలం చూస్తుండగానే తగ్గుతుంది. నీడలో దాచండి. క్రమం తప్పకుండా వెళ్ళేవాళ్ళు ఏటా ఒకసారి వైరు మార్చాల్సిందే.

ముడి విషయంలో తొందరే కీడు. నైలాన్‌కు క్లించ్ ముడి వేస్తే వైరును ఐదు చుట్లు తిప్పి, కంటి దగ్గరి ఉచ్చులోంచి కొసను తీసి, మళ్ళీ పెద్ద ఉచ్చులోంచి దూర్చాలి. బిగించే ముందు ఉమ్మితోనో నీళ్ళతోనో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే చచ్చుబడుతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. చుట్లు ఒకదాని పక్కన ఒకటి వరుసగా కూర్చోవాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కోసేసి మళ్ళీ వేయండి. కొస 3 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించాలి. బ్రెయిడ్‌కు పాలోమార్ ముడి మేలు. దారాన్ని రెండు మడతలు చేసి గాలం కంట్లోంచి దూర్చి, మామూలు ముడి వేసి, వచ్చిన ఉచ్చులోంచి గాలాన్ని దాటించి బిగించడమే.

సీసం విషయంలో ఒక జాగ్రత్త. అసలు వైరు మీద జారేలా సీసం ఎక్కించి, దాని కింద పూస, ఆ కింద స్వివెల్ (వైరు మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కొలికి) పెడితే చేపకు బరువు తెలియదు. మొద్దులున్న చోట మాత్రం సీసాన్ని వేరే సన్న దారంతో వేలాడదీయండి. ఆ దారం అసలు వైరులో సగం బలమే ఉండాలి. సీసం ఇరుక్కుంటే ఆ దారమే తెగుతుంది, చేప మిగులుతుంది. ఒకవేళ అసలు వైరే తెగినా ఆ చేప సీసాన్ని ఈడ్చుకుంటూ చచ్చిపోదు.

రీలు, రాడ్

ఇక్కడికొచ్చేసరికి ఎంపిక సులువైపోతుంది. 0.35 వైరు 200 మీటర్లు పట్టే రీలు కావాలి. అంటే 5000 లేదా 6000 సైజు స్పిన్నింగ్ రీలు. స్పూల్ అంచుకు రెండు మిల్లీమీటర్ల తక్కువ వరకూ నింపండి. తక్కువ నింపితే విసురు తగ్గడమే కాదు, పైన చెప్పిన వ్యాసం లెక్క మొదటి నుంచే ప్రతికూలమవుతుంది. అంచు దాకా నింపితే వైరు ఉండలుగా ఊడిపోతుంది.

రాడ్ తొమ్మిది, పది అడుగులు, 40 నుంచి 80 గ్రాముల బరువును విసరగలిగేది. ఒడ్డు నుంచి ఆ పొడవు లేకపోతే అంచు రాళ్ళకు వైరు తగలకుండా ఎత్తలేం. ఫైబర్‌గ్లాస్ బరువైనా దెబ్బలకు ఓరుస్తుంది. కార్బన్ తేలిక, కానీ కరెంటును మోస్తుంది. మన చెరువు కట్టల మీదుగా వ్యవసాయ కరెంటు తీగలు వేలాడుతుంటాయి. తీగ కింద రాడ్ ఎత్తకండి, ఉరుము వినిపిస్తే రాడ్ నేల మీద పెట్టి దూరంగా వెళ్ళండి. ఇది ప్రాణాల మీది విషయం.

రింగుల్లో పింగాణీ పగులు కంటికి కనిపించదు. చిన్న దూది పింజను ప్రతి రింగులోంచీ తిప్పి లాగండి. పీచు తగులుకున్న చోట పగులుంది. ఎంత కొత్త వైరునైనా ఆ రింగు కోసేస్తుంది.

ఎర

కిలో తవుడును దోరగా వేయించి, అర కిలో పల్లి చెక్క పొడి, 200 గ్రాముల గోధుమ పిండి కలిపి, నీళ్ళు కొంచెం కొంచెంగా చల్లుతూ ముద్ద చేయండి. గోధుమ పిండి జిగురు కోసమే. బొచ్చెకైతే దాన్ని తగ్గించండి, బంగారుతీగకైతే పెంచండి. నీళ్ళలోకి విసిరే ముందు బకెట్లో పరీక్షించాలి. బొచ్చె ముద్ద ఐదో నిమిషానికి అంచుల నుంచి విరగడం మొదలై పావుగంటకు దాదాపు ఊడిపోవాలి. అడుగు చేపల ముద్ద అరగంట నిలవాలి. ఈ పరీక్ష చేయనివాళ్ళు ఖాళీ గాలాన్ని గంటసేపు కాపలా కాస్తుంటారు. ఒకే చోటికి పడేలా విసరడం పిండి వాసన కన్నా ముఖ్యం. వైరు మీద దూరం గుర్తుగా చిన్న దారపు ముడి కట్టుకుంటే ప్రతిసారీ అదే చోట మేత పడుతుంది.

చోటు ఎంచుకోవడంలో గాలి సాయం చేస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి పడమర వైపు నుంచి వీస్తుంది, పైపొరల్లో తేలే మేత తూర్పు ఒడ్డుకు చేరుతుంది, బొచ్చె దాని వెంట వస్తుంది. గాలికి ఎదురు విసరడం ఇబ్బందే, అయినా ఆ ఒడ్డే మంచిది. ఎండాకాలంలో సాగర్ మట్టం 590 అడుగుల నుంచి బాగా దిగినప్పుడు ఒడ్లన్నీ బయటపడతాయి. అప్పుడు వెళ్ళి రాళ్ళెక్కడ, మొద్దులెక్కడ, పాత వాగు దారి ఎక్కడ అని ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. నీళ్ళు నిండాక ఆ ఫొటోలే దారి చూపిస్తాయి.

చేప తగిలాక

స్పూల్ జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకండి. స్పిన్నింగ్ రీలులో ఇది కనిపించని తప్పు. రీలు నిష్పత్తి 5.2 అయితే (అంటే హ్యాండిల్ ఒక తిప్పుకు వైరు చుట్టే భాగం 5.2 సార్లు తిరిగితే), వైరు బయటికి పోతుండగా మీరు తిప్పిన ఒక్కో తిప్పుకూ వైరులో ఐదుకు పైగా మెలికలు పడతాయి. ఇరవై తిప్పులకు వంద. అప్పుడు కాకపోయినా తర్వాతి విసురుకు వైరు ముద్దకట్టి తెగుతుంది. చేప పోతుంటే పోనివ్వండి, ఆగగానే రాడ్‌ను నిదానంగా పైకి తెచ్చి, దించుతూ చుట్టండి. దించేటప్పుడు వైరు వదులు కాకూడదు. మొద్దుల వైపు పోతుంటే రాడ్‌ను నీటికి సమాంతరంగా పక్కకు వాల్చి లాగితే తల తిరుగుతుంది, నిలువుగా ఎత్తితే తిరగదు. రాడ్ కొన మీ భుజం దాటి వెనక్కి పోకూడదు, పోతే కొన దగ్గర విరుగుతుంది.

ఒడ్డు కనిపించగానే చేప చివరిసారి పరుగు తీస్తుంది, డ్రాగ్ దానికి సిద్ధంగా ఉండాలి. చేతి వలను ముందుగానే నీళ్ళలో ముంచి ఉంచి, చేపను తల వైపు నుంచి దాని మీదికి తేవాలి. వలతో చేప వెంట పడితే తోక తగిలి గాలం ఊడుతుంది. వైరు పట్టుకుని నీళ్ళలోంచి ఎత్తడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నీళ్ళలో బరువు లేని పది కిలోలు గాల్లోకి రాగానే నిజంగా పది కిలోలవుతాయి, ముడి మోసేది ఎనిమిదే. వదిలేసే చేపనైతే తడి చేతులతో, కడుపు కింద పట్టుకోండి, మొప్పల్లో వేళ్ళు పెట్టి వేలాడదీయకండి.

వెళ్ళే ముందు ఒక పని మరవకండి. చెరువుల్లో చేప హక్కు మత్స్యకార సహకార సంఘానిది. వాళ్ళు పిల్లలు పోసి, కాపలా కాసి పెంచుకుంటారు. సంఘం పెద్దలను అడిగి, చెప్పిన రుసుము కట్టి, వలలెక్కడ కట్టారో తెలుసుకుని కూర్చోండి. ప్రాజెక్టుల్లో లైసెన్సు, చేపల వేటకు విరామం గురించి జిల్లా మత్స్య శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి. అమ్రాబాద్ పులుల రిజర్వు పరిధిలోని ఒడ్లలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు. కృష్ణలో మొసళ్ళున్నాయి, మోకాటి లోతులో నిలబడి గాలం వేయడం మానండి. డ్యాముల దిగువన నది మధ్య బండల మీద అసలే కూర్చోవద్దు, కరెంటు ఉత్పత్తికి నీళ్ళు వదిలితే వెనక్కి వచ్చే దారి నిమిషాల్లో మునుగుతుంది.

ఇంటికి చేరాక వైరు చివరి మూడు మీటర్లను వేళ్ళ మధ్య జరిపి చూసి, గరుకు తగిలితే అక్కడిదాకా కత్తిరించండి. కత్తిరించిన ముక్కలను ఒడ్డునో చేనులోనో పారేయకండి, కొంగల కాళ్ళకూ గొర్రెల కాళ్ళకూ చుట్టుకుంటాయి. రీలును తడి గుడ్డతో తుడిచి, డ్రాగ్ నాబ్‌ను పూర్తిగా వదులు చేసి పెట్టండి. బిగించి వదిలేస్తే వాషర్లు నలిగి అతుక్కుపోతాయి. తర్వాత వెళ్ళేటప్పుడు త్రాసుతో మళ్ళీ రెండున్నరకు పెట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు.